గీటురాయి మీద విశ్వాసం

ఆదివారం ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగుతూనే మనలో చాలామంది చేసే పని ప్రసంగానికి మార్కులు వేయడం. “ఈ రోజు అయ్యగారు బాగా చెప్పారు” అని ఒకరంటే, “పోయిన వారమే నయం” అని ఇంకొకరంటారు. కొరింథు సంఘానికి కూడా ఈ అలవాటు ఉండేది. పౌలు ద్వారా క్రీస్తు మాట్లాడుతున్నాడనడానికి రుజువేమిటని వారు అడిగారు (2 కొరింథీ 13:3). అపొస్తలుడు ఆ ప్రశ్నను వారివైపే తిప్పాడు. నన్ను పరీక్షించడం సరే, ముందు మీరు విశ్వాసంలో ఉన్నారో లేదో మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి అన్నాడు (13:5).

ఇక్కడ ‘పరీక్షించుకోండి’ అని చెప్పడానికి పౌలు వాడిన గ్రీకు క్రియ ‘దొకిమాజో’. లోహం అసలుదో కాదో, నాణెం చెల్లుతుందో లేదో చూసేవారు వాడిన మాట అది. పేతురు కూడా అదే మాటకు చుట్టమైన పదంతో, నిప్పులో పరీక్షకు నిలిచే బంగారం కంటే పరీక్షకు నిలిచిన విశ్వాసం ఎక్కువ విలువైనదని రాశాడు (1 పేతురు 1:7).

ఈ మాట మన కడప జిల్లా వారికి విడమరచి చెప్పనక్కరలేదు. వల్లూరు నుంచి, జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి పెళ్ళి నగల కోసం ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళకు వెళ్ళని కుటుంబం అరుదు. ఇప్పుడు యంత్రాలు, హాల్‌మార్కు ముద్రలు వచ్చాయి గానీ పాత పద్ధతి పెద్దలకు ఇంకా గుర్తే. నగను నల్లటి గీటురాయి మీద గీస్తారు. ఆ గీత మీద యాసిడ్ చుక్క వేస్తారు. వన్నె తెలిసిన బంగారంతో పక్కనే ఇంకో గీత గీసి, రెండింటినీ పోల్చి చూస్తారు. ఆ నగ ఎవరింటిదని రాయి అడగదు. ఎంత మెరుస్తోందని చూడదు. వన్ గ్రామ్ గోల్డ్ నగ కూడా కంటికి మెరుస్తూనే ఉంటుంది.

మన విశ్వాసానికి గీటురాయి దేవుని వాక్యమే. అయితే ఆ రాయి మీద మనల్ని మనం గీసుకుంటున్నామా, లేక అక్కరకు వచ్చినప్పుడు దాన్ని ఎదుటివారి మీద గీస్తున్నామా?

ఇవి గీటురాళ్ళు కావు

వాక్యాన్ని పక్కన పెట్టి మనం వాడే కొలతలు కొన్ని ఉన్నాయి.

మొదటిది వంశం. “మా జేజినాయన కాలం నుంచి మేము క్రైస్తవులం” అంటాం. మంచిదే. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. రెండు వందల ఏళ్ళు దాటిన ఆ చరిత్రకు మనం వారసులం, అందుకు దేవునికి స్తోత్రం. కానీ అబ్రాహాము మా తండ్రి అని చెప్పుకొంటే చాలదని బాప్తిస్మమిచ్చే యోహాను యొర్దాను ఒడ్డునే తేల్చి చెప్పాడు (మత్తయి 3:9). తాత విశ్వాసం తాతదే. దాన్ని పొలంలా రాయించుకోలేం.

రెండవది ఉద్రేకం. కూటంలో కన్నీళ్ళు వచ్చిన రోజు విశ్వాసం పెరిగిందనీ, రాని రోజు తగ్గిందనీ అనుకుంటాం. కన్నీళ్ళు దేవుని వరమే. కానీ రాతినేల మీద పడిన విత్తనం కూడా సంతోషంతోనే మొలిచింది. వేరు లేక ఎండకు మాడిపోయింది (మత్తయి 13:20, 21).

మూడవది అన్నిటికంటే ప్రమాదకరం: మేలును బట్టి విశ్వాసాన్ని కొలవడం. బోరులో నీళ్ళు పడితే విశ్వాసం ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. కొడుక్కి వీసా వస్తే ప్రార్థన గట్టిది, రాకపోతే ఇంట్లో ఎవరికో అపనమ్మకం ఉంది. డిసెంబరు 31 రాత్రి తీసుకున్న వాగ్దానపు కార్డు సంవత్సరాంతానికి నెరవేరకపోతే లోపం నాలోనే ఉందని కుమిలిపోయే తల్లులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు.

ఇది మనసుకు తగిలే గాయంతోనే ఆగిపోదు, ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకోవడమే అవిశ్వాసమని నమ్మి షుగరు మందులు, టీబీ మందులు మానేసేవారు ఉన్నారు. వారు మానేసింది పాపం విశ్వాసం చాలక కాదు, తప్పు కొలబద్ద ఎవరో చేతికిచ్చినందువల్ల. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి పెట్టినవారు ఎవరు? మన పెద్దలకు సువార్త తెచ్చిన ఆ లండన్ మిషన్ వారే. ఒక చేత్తో వాక్యం, ఇంకో చేత్తో మందు ఇచ్చారు. రెండూ ఒకే దేవుని దయ అని వారికి తెలుసు. అపొస్తలుడైన పౌలు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే విడిచి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, చాలినంత కృప మాత్రం దొరికింది (2 కొరింథీ 12:7-9). పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరంటారు?

హెబ్రీయులకు 11వ అధ్యాయాన్ని మనం విశ్వాస వీరుల జాబితా అంటాం. సింహాల నోళ్ళు మూసినవారు అందులో ఉన్నారు. ఇంకొంచెం ముందుకు చదివితే రాళ్ళ దెబ్బలు తిన్నవారు, కత్తికి బలైనవారు కూడా ఉన్నారు. వాగ్దానం అనుభవించకుండానే వెళ్ళిపోయిన వీరందరికీ ఆ అధ్యాయం ఇచ్చిన సాక్ష్యం ఒక్కటే (11:39). గెలిచినవారికి ఒక వరుస, ఓడినవారికి ఇంకో వరుస వేయలేదు.

ఎవరి విశ్వాసం గొప్పది?

మత్తయి సువార్తను ఒక్కసారి ఈ ప్రశ్నతో చదవండి. ‘అల్పవిశ్వాసులు’ అనే మాట ప్రభువు ఎవరితో అన్నాడు? బయటివారితో కాదు, ప్రతిసారీ తన శిష్యులతోనే. రేపటి తిండి, బట్ట గురించి చింతపడేవారితో (6:30), తుపానులో భయపడినవారితో (8:26), నీళ్ళలో మునిగిపోతున్న పేతురుతో (14:31), రొట్టెలు తేలేదని గుసగుసలాడినవారితో (16:8). మరి నీ విశ్వాసం గొప్పదని ఎవరిని మెచ్చుకున్నాడు? ఇద్దరినే. ఒకరు రోమా శతాధిపతి (8:10), ఇంకొకరు కనాను స్త్రీ (15:28). ఇద్దరూ అన్యులు, ఇద్దరూ సంఘం గడప బయట నిలబడినవారు.

వారిద్దరిలో కనిపించేదేమిటి? తమ విశ్వాసం ఎంతని ఆ ఇద్దరూ లెక్క వేసుకోలేదు. శతాధిపతి తన ఇంటికి ప్రభువు రావడానికి తాను పాత్రుణ్ణి కానన్నాడు, ఆయన ఒక మాట అంటే చాలన్నాడు. ఆ తల్లి బల్ల కింద పడే ముక్క దొరికినా చాలనుకుంది. తమ యోగ్యతను చూడకుండా ప్రభువును చూశారు. విశ్వాసానికి మొదటి పరీక్ష ఇదే: అది ఎంత ఉందన్నది కాదు, ఎవరిని పట్టుకుని ఉందన్నది. ఆవగింజంత ఉన్నా చాలని ప్రభువు చెప్పింది అందుకే (మత్తయి 17:20).

మా విశ్వాసం వృద్ధి చేయమని శిష్యులు ఒకసారి ప్రభువును అడిగారు (లూకా 17:5). ఈ వచనాన్ని మనం అద్భుతాల కోసం చేసే ప్రార్థనల్లో వాడుతుంటాం. కానీ దాని ముందరి వచనం చూడండి. నీ సహోదరుడు రోజుకు ఏడుసార్లు తప్పు చేసి, ఏడుసార్లూ తిరిగి వచ్చి మారుమనస్సు పొందానంటే క్షమించమని ప్రభువు చెప్పాడు. అది విని శిష్యులకు గుండె జారింది. విశ్వాసం పెంచమని వారు అడిగింది కొండల్ని కదిలించడానికి కాదు, క్షమించడానికి. తరాల తరబడి కక్షలు మోసిన పల్లెలున్న ఈ సీమలో ఆ ప్రార్థన అర్థం మనకు బాగా తెలియాలి. తండ్రి పగను కొడుకు మోయనన్న రోజున అక్కడ ఒక కొండ కదిలినట్టే.

మూడు గీతలు

విశ్వాసాన్ని పరీక్షించుకోవడానికి బైబిలులో ఒక పత్రికే ఉంది. అది యోహాను మొదటి పత్రిక. ఐదు అధ్యాయాలు, 105 వచనాలు. అరగంటలో చదివేయవచ్చు. తాను ఎందుకు రాస్తున్నాడో చివరలో యోహానే చెప్పాడు: విశ్వసించినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలని (5:13). అనుమానం రేపడానికి కాదు, నిశ్చయం ఇవ్వడానికే. ఆ పత్రికలో మూడు పరీక్షలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మొదటి గీత: యేసు ఎవరని ఒప్పుకుంటున్నాను? శరీరధారియై వచ్చిన దేవుని కుమారుడని ఒప్పుకుంటున్నానా (4:2, 15), లేక నా పనులు చక్కబెట్టే ఒక శక్తిగా మాత్రమే చూస్తున్నానా?

రెండవ గీత: ఆయన మాట వింటున్నానా? ఆయనను ఎరుగుదునని చెప్పి ఆజ్ఞలను గాలికి వదిలితే ఆ మాట అబద్ధమంటాడు యోహాను (2:3, 4). అంటే పాపమే లేనివారిగా ఉండాలని కాదు. పాపం లేదనుకోవడమే మోసమనీ, ఒప్పుకుంటే క్షమాపణ ఉందనీ మొదటి అధ్యాయంలోనే రాశాడు (1:8, 9). ఇక్కడ పరీక్ష పడిపోయామా అన్నది కాదు, పడినచోటే ఇల్లు కట్టుకున్నామా అన్నది.

మూడవ గీత: సహోదరుణ్ణి ప్రేమిస్తున్నానా? కంటికి కనబడే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమించలేడు (4:20). లేమిలో ఉన్నవాణ్ణి చూసి గుండె తలుపు మూసుకుంటే దేవుని ప్రేమ ఇక ఎక్కడ నిలుస్తుంది (3:17)?

ఈ మూడో గీత దగ్గరే మన వన్నె ఎక్కువగా బయటపడుతుంది. ఒకే ప్రభువును ఆరాధించే మనలో మాలపల్లెకు ఒక మందిరం, మాదిగపల్లెకు ఇంకో మందిరం ఉన్న ఊళ్ళు లేవా? ఒకే గిన్నెలో సంస్కారం తీసుకుని, పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి కులం అడగమా? అగ్రకులం నుంచి వచ్చిన విశ్వాసికి ముందు కుర్చీ వేసి, కూలికి వెళ్ళే అక్కను గుమ్మం దగ్గర కూర్చోబెట్టమా? యాకోబు సరిగ్గా దీన్నే పేరు పెట్టి తప్పన్నాడు (యాకోబు 2:1-4). క్రియలు లేని విశ్వాసం మృతమైనదని ఆయన రాసింది కూడా అదే అధ్యాయంలో. చందా పుస్తకంలో, ఉపవాస కూటంలో కనిపించని లోపం ఈ గీతలో తెలిసిపోతుంది.

ఎలా పెరుగుతుంది?

పరీక్షించుకోవడంతో పని అయిపోదు. గీటురాయి వన్నె ఎంతో చెబుతుంది కానీ వన్నె పెంచదు. అయితే ఈ వాక్యం మామూలు రాయి కాదు. పరీక్షించే వాక్యమే పెంచుతుంది కూడా. వినడం వల్ల విశ్వాసం కలుగుతుందనీ, ఆ వినడం క్రీస్తును గూర్చిన మాట వల్లనేననీ పౌలు రాశాడు (రోమా 10:17).

మన ప్రాంతంలో విశ్వాసం పుట్టింది అలాగే. కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది 1818లో. కడపలో మిషను పని మొదలైంది ఆ తరువాత నాలుగేళ్ళకు. మన పూర్వికుల్లో చాలామందికి చదువు లేదు. పగలంతా చేను పని చేసి, పొద్దుగూకాక ఉపదేశి చుట్టూ చేరి విన్నారు. విన్నదాన్ని కంఠతా పట్టారు. పట్టినదాన్ని పిల్లలకు చెప్పారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో రెండు మూడు బైబిళ్ళు, ప్రతి చేతిలో ఫోను, ఫోనులో చదివి వినిపించే బైబిలు కూడా ఉన్నాయి. గ్రంథానికి కరువు లేదు. వినే చెవికే కరువు.

వేరుశనగ పండించే రైతుకు ఒక సంగతి తెలుసు. చెట్టు ఏపుగా, పచ్చగా ఉన్నంత మాత్రాన పంట ఉన్నట్టు కాదు. ఊడలు భూమిలోకి దిగాలి. కాయ పట్టేది కంటికి కనబడని ఆ చోటే. ఒక చెట్టు పీకి చూస్తే తప్ప సంగతి తెలియదు. పాటలు, కూటాలు, పండుగలు పైన కనబడే ఆకు. వాక్యం లోపలికి దిగి విధేయతగా మారితేనే కాయ. విశ్వాసానికి ఒకదాని తరువాత ఒకటిగా చేర్చుకోమని పేతురు ఏడు చెప్పాడు: సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదర ప్రేమ, అందరిపట్ల ప్రేమ (2 పేతురు 1:5-7). ఏడింటిలో ఒక్కటి కూడా రాత్రికి రాత్రి వచ్చేది కాదు.

కరువు సంగతేమిటి? వానలు లేని ఏడాది విశ్వాసం ఎండిపోవాలా? హబక్కూకు ప్రవక్త పుస్తకం మూడే అధ్యాయాలు. దేవా, ఎంతకాలం మొరపెట్టినా వినవేమని నిష్ఠూరంతో అది మొదలవుతుంది (1:2). నడుమ, నీతిమంతుడు విశ్వాసం వల్ల బ్రతుకుతాడనే మాట వస్తుంది (2:4). చివరికి వచ్చేసరికి అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, చేను పండలేదు, దొడ్డిలో పశువు లేదు. అయినా ప్రవక్త దేవునియందు ఆనందిస్తానంటాడు (3:17, 18). అంజూరం బదులు చీనీ, ద్రాక్ష బదులు అరటి అని చదువుకుంటే అది పులివెందుల రైతు ప్రార్థనే. పంట లేని ఏడాది కూడా దేవుణ్ణి విడవని విశ్వాసం అల్పమైనది కాదు. దేవునితో నిష్ఠూరమాడడం అవిశ్వాసం కూడా కాదు. నిష్ఠూరమాడడానికి ఆయన దగ్గరికే వెళ్ళాం కదా!

హబక్కూకు 2:4లో విశ్వాసం అని మనం చదివే చోట హెబ్రీ మాట ‘ఎమూనా’. అంటే కదలకుండా నిలిచి ఉండడం. ఆ మాటే నిర్గమకాండం 17:12లో మోషే చేతుల గురించి వస్తుంది. అమాలేకీయులతో యుద్ధం సాగుతుంటే సాయంత్రం దాకా ఆయన చేతులు నిలకడగా ఉన్నాయని అక్కడ రాసి ఉంది. ఎలా ఉన్నాయి? ఆ చేతులు బరువెక్కి వాలిపోతుంటే, అటు ఒకరు ఇటు ఒకరుగా అహరోను, హూరు పట్టుకున్నారు. మోషే అంతటివాడి నిలకడకే ఇద్దరి చేతులు కావలసి వచ్చాయి. కాబట్టి నీ విశ్వాసం వాలిపోతున్నప్పుడు అది సిగ్గుపడి దాచుకోవలసిన సంగతి కాదు. పక్కవారిని పిలవవలసిన సమయం. పక్కవారి చేతులు వాలిపోతుంటే, ఆ చేతుల బలహీనత మీద ప్రసంగం చేయక, వెళ్ళి పట్టుకోవలసిన వంతు మనది.

ఈ నెలలో చేయదగినవి

ఒకటి. ఈ వారం యోహాను మొదటి పత్రికను ఒకే కూర్చుంటిలో చదవండి. చదవడం రానివారు పిల్లలచేత చదివించుకుని వినండి. ఆ మూడు గీతల్లో మీకు ఎక్కువగా గుచ్చుకున్న వచనం ఒక్కటి రాసుకోండి. అది ఇంకెవరికో బాగా సరిపోతుందనిపిస్తే, ఆ వచనాన్ని మీకోసమే ఇంకోసారి చదవండి.

రెండు. వాగ్దానపు వచనం కార్డు మీద ఉంటే, దాని అధ్యాయం మొత్తం చదవండి. ఆ మాట ఎవరితో, ఎప్పుడు, ఏ కష్టంలో చెప్పబడిందో చూడండి. బెరయవారు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11). కార్డును సరిచూసుకోవడం తప్పెలా అవుతుంది?

మూడు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలు. కుటుంబ ప్రార్థనలో రోజుకు ఒకటి చొప్పున పదహారు రోజులు చదవండి. ప్రతి రాత్రి ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ రోజు విన్నదాన్ని బట్టి రేపు నేను చేయవలసిన పని ఏమిటి?

నాలుగు. సంస్కారపు ఆదివారానికి ముందు రోజు, మాటలు లేని ఒకరి ఇంటికి వెళ్ళండి. ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టెను తినాలన్నాడు పౌలు (1 కొరింథీ 11:28). పరీక్షించుకొని మానేయమనలేదు, పరీక్షించుకొని తినమన్నాడు. ఆత్మపరీక్ష మనల్ని బల్ల నుంచి తరిమేది కాదు, బల్ల దగ్గరికి నడిపించేది.

చివరిగా ఒక హెచ్చరిక, ఒక ఆదరణ. తన్ను తాను పరీక్షించుకోవడంలో రెండు గుంటలున్నాయి. ఒకటి పరిసయ్యుడు పడిన గుంట: దేవుని ముందు నిలబడి పక్కవాడితో పోల్చుకుని సంతోషించడం (లూకా 18:11). రెండవది నిరాశ. నాలో ఏమీ లేదని తేలిపోయింది, ఇక దేవుడు నన్నెందుకు చూస్తాడనుకోవడం. ఆ రెండవ గుంటలో ఉన్న సహోదరీ, సహోదరుడా, మార్కు 9వ అధ్యాయంలోని ఆ తండ్రిని చూడు. నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చేయమని ఒకే ఊపిరిలో అన్నాడు (9:24). సగం విశ్వాసం, సగం అపనమ్మకం కలిసిన ఆ ప్రార్థనను ప్రభువు తోసిపుచ్చలేదు. విశ్వాసం పూర్తిగా పట్టుకుని రా, అప్పుడు చూస్తానని వెనక్కి పంపలేదు. ఆ బిడ్డ చెయ్యి పట్టి లేపాడు.

మన వన్నె ఎంతో మనకంటే ఆయనకు బాగా తెలుసు. తెలిసే పిలిచాడు. మనలను పరిశోధించి, మన హృదయాలను తెలుసుకొని, చెడ్డ మార్గం ఏదైనా ఉంటే చూపించి, నిత్యమార్గంలో ఆయనే మనల్ని నడిపించును గాక. ఆమేన్.